రెక్క విరిచే రోజు

మా అమ్మాయి ఆ విమానాల కంపెనీలో చేరేటప్పుడు నాకొక మాట ఇచ్చింది. "అమ్మా, నాది నేల మీద పని. ఎక్కేవాళ్ళు వేరే ఉంటారు. నేను ఎక్కను" అంది. ఆ మాట పట్టుకునే దాన్ని చేరనిచ్చాను. ఇన్నేళ్ళ తర్వాత ఒక సెలవు రోజు మధ్యాహ్నం, భోజనాల దగ్గర, కంచంలో అన్నం కెలుకుతూ కెలుకుతూ, ఆ మాట నుంచి తనను వదిలెయ్యమని అడిగింది.

"కొత్త విమానం మొదటిసారి ఎగరబోతోందమ్మా. ముందు ఇద్దరు పైలట్లు కూర్చుంటారు. వెనక ఒక ఇంజనీరు. ఆ వెనక సీటు నాకిస్తామన్నారు."

నా చేతిలో గరిటె గాలిలోనే ఉండిపోయింది.

"మొదటిసారి ఏమిటే? ఇంతకుముందు అది ఎగరనే లేదా?"

"ఎగిరితే మొదటిసారి ఎలా అవుతుందే పిచ్చిదానా?" అన్నారు మా ఆయన.

"అంటే ఎగురుతుందో లేదో ఎవరికీ తెలీదన్నమాట!"

"తెలుసమ్మా. లెక్కలన్నీ వేశారు. ముక్క ముక్కా విడివిడిగా పరీక్ష చేశారు."

"అంత తెలిస్తే నువ్వెక్కి చూడడమెందుకు?"

అది మా ఆయన వైపు చూసింది. ఆయన మజ్జిగ గ్లాసు వైపు చూశారు.

"నువ్వు ఊ అంటేనే వెళ్తానమ్మా. నీకిచ్చిన మాట తప్పి వెళ్ళను. వచ్చే వారం రెక్క విరిచే రోజు. ఆ సాయంత్రంలోగా మా పెద్దమ్మకి అవునో కాదో చెప్పాలి. కాదంటే ఇంకొకరిని ఎక్కిస్తారు."

పెద్దమ్మ అంటే మా అక్క కాదు. వాళ్ళ పరీక్షల విభాగానికి పెద్ద ఆవిడ. కుర్రవాళ్ళంతా వెనకాల ఆవిడను అలా పిలుస్తారట. అప్పటికి నా బుర్ర పెద్దమ్మ మీద లేదు.

"ఏం రోజన్నావ్? రెక్క విరిచేదా?"

"అవునమ్మా. అసలు విమానంలాంటిదే ఇంకొకటి పరీక్ష కోసం కట్టాం. దాని రెక్కను విరిగేదాకా పైకి లాగుతాం. ఇంట్లోవాళ్ళు కూడా వచ్చి చూడొచ్చు. నాన్నా నువ్వూ రండి. చూశాక చెప్పు. చూడకుండా మాత్రం వద్దనకు."

కట్టిన చేతులతోనే విరగ్గొట్టుకోవడమేమిటో నాకు అంతుపట్టలేదు. వద్దని ఆ క్షణమే అనేద్దును. కానీ చూడకుండా వద్దనకు అన్నప్పుడు దాని గొంతు చిన్నప్పుడు జ్వరంలో మంచినీళ్ళు అడిగినప్పటి గొంతులా ఉంది. సరే, వస్తామన్నాను. వద్దని చెప్పడానికి ఒక వారం గడువు దొరికిందనుకున్నాను. ఆ వారమంతా మా ఆయన "వెళ్ళనివ్వవే" అని పోరుతూనే ఉన్నారు.

నా సంగతి కొంచెం చెప్పాలి. చెడు ముందు తట్టే బుర్ర నాది. ఫోను రెండుసార్లు మోగితే ఆసుపత్రి గుర్తొస్తుంది. గ్యాసు పొయ్యి ఆపానా లేదా అని సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి వస్తాను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. "మా ఆవిడ సామెతలో మొదటి సగం దగ్గరే ఆగిపోయింది" అంటారు మా ఆయన. ఆయన సిటీ బస్సు డ్రైవరు. డిపోలో కూడా నన్ను కీడెంచమ్మ అనే చెప్పుకుంటారు. ఆ పేరు చుట్టాలందరికీ పాకింది. పెళ్ళిళ్ళలో నేను మెట్ల దగ్గర నిలబడి పిల్లల్ని అదిలిస్తుంటే, "కీడెంచమ్మ వచ్చింది, ఇక ఎవరూ పడరు" అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నిజంగానే ఎవరూ పడలేదు.

చదువు నాకు పెద్దగా అబ్బలేదు. ఎనిమిదితో బడి ఆగింది. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. అందుకే మా అమ్మాయి చేసే పనిలో సగం నాకు తెలియదు. తెలిసిన సగం దాని అలవాట్లను బట్టి తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాత్రి అంట్లు తోమాక స్పూన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి తగ్గితే ఎవరినీ వంటింట్లోంచి కదలనిచ్చేది కాదు. చెత్తబుట్ట బోర్లించేది. వాళ్ళ షెడ్డులో అంతేనట. విమానం లోపలికి ఎన్ని పనిముట్లు వెళ్ళాయో అన్నీ బయటికి రావాలి. చిన్న స్క్రూ ఒకటి కనబడకపోయినా పని మొత్తం ఆగిపోతుంది, దొరికేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళరు. ఒకసారి అలాగే అందరినీ ఆపేసింది తనేనట. చేతిలోంచి జారిన చిన్న మూత రెక్క లోపల ఎక్కడో పడింది. ఎవరూ చూడలేదు. తనే వెళ్ళి చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడుస్తుంటే ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. "తిట్టారా తల్లీ?" అంటే, "లేదమ్మా, చప్పట్లు కొట్టారు, అందుకే ఏడుపొచ్చింది" అంది. ఏ కంపెనీలోనైనా తప్పు చేసినవాళ్ళకు చప్పట్లు కొడతారా? నన్ను ఊరడించడానికి కల్పించిందనుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. బయలుదేరే ముందు నా సంచి నేను సర్దుకున్నాను. గేటు దగ్గర కాపలా అమ్మాయి ఆ సంచి తెరిచి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. టార్చి, కట్టు గుడ్డ, తలనొప్పి మాత్రలు, కడుపునొప్పి మాత్రలు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, తాడు, పిన్నీసుల గుత్తి, ఈల.

"ఎక్కడికి బయలుదేరారమ్మా, యుద్ధానికా?" అంది.

"ఈల దేనికే?" అన్నారు మా ఆయన.

"ఏదైనా మీద పడితే లోపల ఉన్నామని తెలియొద్దూ?"

కాపలా అమ్మాయి నవ్వు ఆపుకుంది. కానీ వెక్కిరించలేదు. "ఇవేవీ లోపలికి రావమ్మా. పిన్నీసు ఒక్కటి జారినా మా వాళ్ళు నేలంతా వెతకాలి" అని సంచి మొత్తం తీసుకుని అరలో పెట్టి తాళం వేసింది. నా తలలో పిన్నులు కూడా తీయించింది. జుట్టు రబ్బరు బ్యాండుతో కట్టుకున్నాను. ఏ ఆయుధమూ లేకుండా నన్ను లోపలికి పంపించారు.

ఆ హాలు ఎలా ఉందో చెప్పడానికి నాకు సరైన మాటలు లేవు. తలుపు దాటగానే మా ఆయన, ఎప్పుడూ మాటకు తడుముకోని మనిషి, "అమ్మో" అని ఊరుకున్నారు. పైకప్పు ఎక్కడో ఉంది. మా వీధి వీధంతా, ఇళ్ళతో సహా తెచ్చి పెట్టినా ఇంకా చోటు మిగిలేలా ఉంది. నడుమ ఆ విమానం. రంగు వెయ్యలేదు. ఆకుపచ్చ పూత, అక్కడక్కడా పెన్సిలు గీతలు, అంకెలు. కుట్టకముందు గుడ్డ మీద సుద్దతో నేను గీసుకున్నట్టే గీసుకున్నారు. దానికి చక్రాలు లేవు. పసుపు రంగు ఇనుప దూలాల మధ్య కట్టిపడేశారు. రెక్క కింద, రెక్క పైన, వరసగా ఇనుప చేతులు. ఒళ్ళంతా సన్నటి తీగలు. ఆసుపత్రిలో పెద్ద ఆపరేషనుకు పడుకోబెట్టిన మనిషిలా ఉంది. నాకు దాని మీద జాలి వేసింది.

మమ్మల్ని పైన వసారాలాంటి దాంట్లో కూర్చోబెట్టారు. ముందు కటకటాలు, వాటికి వల. మాలాగే వచ్చిన ఇంటివాళ్ళు, కోట్లు వేసుకున్న పెద్దమనుషులు కొందరు. కింద దూరంగా అద్దాల గదిలో తెరల ముందు మా అమ్మాయి. ఇక్కణ్ణుంచి బొమ్మంత ఉంది. తల ఎత్తి చూస్తుందేమోనని చెయ్యి ఊపాను. చూడలేదు. పనిలో పడితే దానికి తల్లీ తండ్రీ ఎవరూ గుర్తుండరు.

మా దగ్గర ఒక గుబురు మీసాలాయన నిలబడ్డాడు, చేతిలో వాకీటాకీతో. అందరికీ నమస్కారం పెట్టి చెప్పాడు.

"ఇవాళ ఈ రెక్కను పైకి లాగుతాం. ఈ విమానం తన జన్మలో ఎప్పుడైనా చూడగల అతి భయంకరమైన గాలివాన ఎంత ఉంటుందో, అది వంద అనుకోండి. మేము నూటయాభై దాకా లాగుతాం. అక్కడ మూడు సెకన్లు రెక్క నిలబడి తీరాలి. నిలబడితే నెగ్గినట్టు. తర్వాత ఎక్కడ విరుగుతుందో చూడడానికి విరిగేదాకా లాగుతాం. చప్పుళ్ళు వస్తాయి, కంగారు పడకండి. ఇంకొక్క మాట. ఈ హాలులో ఉన్నవాళ్ళు ఎవరైనా సరే, ఊడ్చేవాళ్ళయినా, మీలా చూడ్డానికి వచ్చినవాళ్ళయినా, ఏదైనా తేడాగా అనిపిస్తే 'ఆపండి' అనొచ్చు. అంటే ఆపేస్తాం."

"ఆ మాట మా ఆవిడకి చెప్పకుండా ఉండాల్సిందండీ" అన్నారు మా ఆయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మీసాలాయన నవ్వలేదు. "అందరికీ చెప్పాలండీ" అన్నాడు.

పరీక్ష మొదలైంది. కాసేపు ఏమీ తెలియలేదు. మైకులో ఒక ఆడగొంతు నెమ్మదిగా అంకెలు చెబుతోంది. అదే పెద్దమ్మ గొంతట. తర్వాత చూస్తే రెక్క చివర, ఇందాక ఎదుటి గోడ మీద నల్లగీత దగ్గరున్నది, ఆ గీత దాటి పైకి వెళ్ళింది. ఇనుము అలా వంగుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంకా లేస్తోంది. కొండను భుజాన ఎత్తుకుంటున్న మనిషి చెయ్యిలా, అంగుళం అంగుళం లేస్తోంది. భయమో భక్తో తెలియనిది ఏదో వెన్ను మీద పాకింది.

"వంద" అంది పెద్దమ్మ గొంతు.

మీసాలాయన చిన్నగా అన్నాడు, "పెద్ద గాలివాన దాటేశామమ్మా. ఇక మీదంతా దేవుడు కూడా పంపని గాలి."

రెక్క లోపలి నుంచి టప్పుమని ఒక చప్పుడు. మళ్ళీ ఒకటి. ఎండకు తలుపు చెక్క చిటిలినట్టు. నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. నా కళ్ళు ఆ విమానం పొట్ట మీద పడ్డాయి. ముందు రెండు కిటికీలు. వాటి వెనక చీకటి. ఆ చీకటిలో ఒక సీటు ఉంటుంది కదా. ఆ సీటులో నా పిల్ల కూర్చుని ఉన్నట్టు, ఈ చప్పుడు దాని తల పక్కనే వింటున్నట్టు నాకు కనిపించింది. అనుకోవడం కాదు, కనిపించింది. సరిగ్గా అప్పుడు రెక్క మొదట్లో ఠంగుమని ఒక పెద్ద మోత. హాలంతా మారుమోగింది.

"ఆపండి!" అన్నాను.

అన్నానని కూడా నాకు తెలియలేదు. లేచి నిలబడి, వల పట్టుకుని, గొంతు చించుకుని "ఆపండి! ఆపండి!" అని అరుస్తున్నాను.

మా ఆయన నా భుజం పట్టి కిందికి లాగారు. "ఏమేవ్, నీ నోరు పడ, కూర్చో!"

కానీ ఆలోగానే మీసాలాయన వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. నా మొహం చూడలేదు. ఎందుకని అడగలేదు. "ఆపండి. పైనుంచి. ఆపండి" అన్నాడు.

ఆగిపోయింది.

నా బతుకులో అంతటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అన్ని మోటార్లు ఒక్కసారిగా మూగబోయాయి. ఆ మహా రెక్క లేచింది లేచినట్టే గాలిలో నిలిచింది. తర్వాత మెల్లగా, నిద్రపోయే పిల్లను పడుకోబెట్టినట్టు కొంచెం కిందికి దించారు. కింద మనుషులు ఎక్కడివాళ్ళక్కడ నిలబడి తలలెత్తి నా వైపే చూస్తున్నారు. అద్దాల గదిలో మా అమ్మాయి కూడా. ఇప్పుడు చూసింది.

కాళ్ళ కింద నేల విచ్చుకుంటే బావుండుననిపించింది. ముందు వరసలో ఒక కోటాయన వెనక్కి తిరిగి, "ఎవరండీ ఆవిడ? ఇన్ని లక్షల గంటల కష్టం, మధ్యలో ఈ గోలేంటి?" అన్నాడు. మా అమ్మాయి ఉద్యోగం నా నోటితోనే పోగొట్టాననుకున్నాను. వెనక సీటు కాదు, ఏ సీటూ ఉండదిక.

మెట్ల మీద అడుగుల చప్పుడు. నా వయసే ఉంటుంది ఆవిడకు. జుట్టు నెరిసింది, నీలం చొక్కా, మెడలో అద్దాలు వేలాడుతున్నాయి. ఆయాసపడుతూ ఎక్కింది. ఆవిడే పెద్దమ్మ.

"ఎవరన్నారు?"

"నేనేనండీ. పొరపాటయిపోయింది. మా అమ్మాయికేం తెలీదు, దాన్నేమీ అనకండి..."

"ఆగండాగండి. ముందు చెప్పండి. ఏం చూశారు?"

"ఏమీ చూళ్ళేదండీ. భయమేసింది."

"ఎప్పుడేసింది? ఏ చప్పుడుకి?"

నేను బిత్తరపోయాను. నా భయం గురించి ఇంతవరకు ఎవరూ అలా అడగలేదు. నీకెప్పుడూ భయమేగా అనేవాళ్ళే గానీ, ఎప్పుడు, ఏ చప్పుడుకి అని అడిగినవాళ్ళు లేరు.

"ఆ ఠంగుమన్నదానికండీ. మొదట్లోంచి వచ్చింది. ముందువి టప్పు టప్పుమన్నాయి, ఇది వేరేలా ఉంది."

కోటాయన కలగజేసుకున్నాడు. "మేడం, ఆవిడ ఊరికే జడుసుకుంది. కానివ్వండి, మాకు టైమవుతోంది."

పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది. "అవునండీ, జడుసుకునే ఉండొచ్చు. అది చూశాక తెలుస్తుంది. చూడక ముందు ఎలా తెలుస్తుంది?" అని, మళ్ళీ నాతో, "మీరు కూర్చోండమ్మా. మంచినీళ్ళు తాగండి" అని దిగిపోయింది.

కింద ఒక్కసారిగా పని మొదలైంది. నిచ్చెనలు వచ్చాయి. దీపాలు పట్టుకుని మనుషులు రెక్క మొదట్లోకి పాకారు. ఒకడు చెవికి గొట్టం పెట్టుకుని తడుతూ విన్నాడు, డాక్టరు గుండె విన్నట్టు. ఇంకొకళ్ళు తెరల ముందు గీతలు వెనక్కి తిప్పి చూసుకున్నారు. ఎవరి మొహంలోనూ విసుగు లేదు. నేనన్న ఒక్క మాటకు ఇంతమంది చదువుకున్నవాళ్ళు, నేనెక్కడ చెయ్యి చూపించానో అక్కడ వెతుకుతున్నారు. ఊళ్ళో నా మాటకు కుక్కపిల్ల కూడా ఆగదు. ఇక్కడ ఈ కొండంత యంత్రం ఆగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుతో అనుకున్నారు మా ఆయన. "పోనీలేవే, అయిందేదో అయింది" అంటూ వీపు నిమిరారు.

మీసాలాయన మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చాడు.

"కోపం రాలేదా బాబూ మీకు?" అన్నాను.

"కోపమెందుకమ్మా? ఎందుకు అరిచావని ఒక్కసారి విసుక్కుంటే, రేపు నిజంగా చూసినవాడు నోరు మూసుకుంటాడు. మేం జీతం తీసుకునేదే దేనికి ఏం కీడు జరుగుతుందో ముందే ఊహించడానికి. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఇది ఊడితే ఏమవుతుంది, అది పగిలితే ఏమవుతుందనే మా గోల. మా ఇంట్లో నన్ను తిడతారు, అన్నం దగ్గర కూడా చావు కబుర్లేనా అని."

"అయితే ఇది మా ఆవిడ పుట్టిల్లన్నమాట" అన్నారు మా ఆయన.

చాలాసేపటికి పెద్దమ్మ మళ్ళీ పైకి వచ్చింది. చేతులకు నూనె మరకలు. తనే స్వయంగా పాకి చూసి వచ్చింది కాబోలు.

"చూశామమ్మా. ఆ మోత రెక్కది కాదు. రెక్కను లాగే ఇనుప చెయ్యి ఒకటి తన గూటిలో సర్దుకుంది. రెక్కకేమీ కాలేదు. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి."

"అంటే నాది ఉత్త భయమే."

"ఇవాళ్టికి ఉత్తదే." ఆవిడ అక్కడే నిలబడింది. ఇంకా దేనికోసమో ఎదురుచూస్తోంది. "మొదలుపెట్టమంటారా?"

"నన్నడుగుతారేమిటండీ?"

"ఆపమన్నవాళ్ళు సరే అంటేనే మేం మళ్ళీ మొదలుపెడతాం. ఇక్కడి పద్ధతి అది. ఇంకా ఏదైనా అనుమానముంటే అడగండి. చెప్తాను. తొందరేం లేదు."

కోటాయన వాచీ చూసుకున్నాడు. ఆవిడ ఆయన్ను చూడలేదు. హాలులో ఉన్న వందల మంది నా నోట్లోంచి వచ్చే ఒక్క మాట కోసం చూస్తున్నారు. వద్దు అంటే? వద్దనే అంటే ఏం చేస్తారో అనుకున్నాను. ఇంకో ప్రశ్న ఉందా అని అడుగుతారు. అంతే. ఆ ప్రశ్నలు అయిపోయేదాకా నిలబడతారు. ఆవిడ నిలబడిన తీరు చూస్తే తెలుస్తోంది.

"నిజంగా పాకి చూశారా మీరు?" అన్నాను.

"చూశాను."

"దీపం పెట్టుకుని?"

"దీపం పెట్టుకుని."

"సరేనండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మళ్ళీ రెక్క లేచింది. ఇందాక చప్పుడైన చోటు దాటింది. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు. అంకెలు పెరిగే కొద్దీ హాలులో గుసగుసలు తగ్గాయి. నూట నలభై దాటేసరికి ఆ రెక్క చివర మాకంటే ఎత్తుకు, మా తలల మీదికి వచ్చేసింది. కిందినుంచి ఆకాశంలోకి ఎత్తిన అరచెయ్యిలా ఉంది. వణుకుతోంది. అంత బరువు మోస్తున్నది వణక్కుండా ఎలా ఉంటుంది? ఇందాక దాని మీద జాలిపడ్డాను. ఇప్పుడు దానికి దణ్ణం పెట్టాలనిపించింది. దాన్ని చేసిన చేతులకు కూడా. ఆ చేతుల్లో ఒక జత నేను కని పెంచినవి. చిన్నప్పుడు సూదిలో దారం ఎక్కించమంటే ఎక్కించి ఇచ్చిన చేతులు. అవి ఇంతటిదాన్ని కట్టాయంటే ఒళ్ళు జలదరించింది.

"నూటయాభై" అంది గొంతు. "ఒకటి. రెండు. మూడు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నెగ్గినా ఆగలేదు వాళ్ళు. ఇంకా లాగారు. అప్పుడు, ఏ హెచ్చరికా లేకుండా, రెక్క విరిగింది. ఆ చప్పుడు చెవులతో విన్నది కాదు, గుండెలో పేలింది. దుమ్ము లేచింది. విరిగిన ముక్కలూ రేకులూ వేలాడాయి. తర్వాత కింద ఉన్న వాళ్ళంతా ఒకరినొకరు కౌగిలించుకుని కేకలు పెట్టారు. ముసలి మెకానిక్ ఒకాయన టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తాము కట్టినది ముక్కలయితే పండగ చేసుకుంటున్నారు, ఎందుకంటే అది విరగాల్సిన చోటు ఎంత దూరమో ఇప్పుడు వాళ్ళకు తెలుసు. నేనూ చప్పట్లు కొట్టాను. అరచేతులు మండేదాకా కొట్టాను.

క్యాంటీనులో టీ పోశారు. మా అమ్మాయి వచ్చింది. జుట్టు నిండా దుమ్ము, కళ్ళు మెరుస్తున్నాయి. వస్తూనే కుర్చీ లాక్కుని కూర్చుని నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

"అమ్మా! నువ్వేనని అందరికీ తెలిసిపోయింది. 'రెక్కను ఆపినావిడ కూతురా నువ్వు' అంటున్నారు."

"తిడుతున్నారా?"

"తిట్టడమా? నిన్ను ఉద్యోగంలో చేరమని అడగమన్నారు."

"నా సంగతి సరే. ఒకటి అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. అందులో కూర్చున్నాక నువ్వు ఆపండి అంటే ఆ ముందువాళ్ళు వింటారా?"

అది నవ్వు ఆపేసింది. "ఆ సీటు ఉన్నదే అందుకమ్మా. నా ముందు తెరలుంటాయి. నేను వెనక్కి అంటే వాళ్ళు వెనక్కి తిప్పాల్సిందే. ఎందుకని గాలిలో అడగరు. దిగాక అడుగుతారు."

"వాళ్ళు నీకంటే పెద్దవాళ్ళయినా?"

"ఎవరైనా."

"నీకు భయమేస్తోందా?"

అది టీ గ్లాసును చేతుల మధ్య తిప్పింది. నాన్న వైపు చూసింది, నా వైపు చూసింది. లేదమ్మా, అస్సలు భయం లేదు అంటుందనుకున్నాను. అందరు పిల్లలూ అదే అంటారు, అబద్ధమని తల్లులకూ తెలుసు.

"వేస్తోందమ్మా. పెద్దమ్మ సీటు ఇస్తానన్న రోజునుంచీ వేస్తోంది. పొద్దున్నే లేవగానే ఏమేం జరగొచ్చో అన్నీ రాసుకుంటూ కూర్చుంటున్నాను. ఇన్ని తట్టేది నీకే అనుకునేదాన్ని."

అది భయం లేదని అని ఉంటే నేను పంపేదాన్ని కాదు. ఈ మాట ఒట్టేసి చెప్పగలను.

"అయితే వెళ్ళు" అన్నాను.

"అమ్మా?"

"వెళ్ళి ఆవిడకు చెప్పు, సాయంత్రమవుతోంది. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఏ కాస్త తేడాగా ఉన్నా నోరు తెరువు. పక్కవాళ్ళు నవ్వుతారని మింగొద్దు. ఉత్త భయమైతే ఉత్త భయమే అవుతుంది, దిగాక నవ్వుకుంటారు. నాకు ఫరవాలేదు, నీకూ ఫరవాలేకుండా ఉండాలి."

అది లేచి నన్ను పట్టుకుంది. దాని ఒంటి నుంచి ఆ హాలు వాసన, నూనె, కొత్త రేకు, దుమ్ము. తర్వాత పరిగెత్తింది. క్యాంటీను అవతలి చివర పెద్దమ్మ నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది. మా అమ్మాయి ఆవిడ ముందుకు వెళ్ళి నిలబడింది. ఏం చెబుతోందో వినపడలేదు గానీ చేతులు రెండూ ఆడిస్తూ చెబుతోంది. పెద్దమ్మ దాని భుజం మీద చెయ్యి వేసి, తలెత్తి మా బల్ల వైపు చూసింది. నేను లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు.

మా ఆయన వైపు తిరిగాను. చూస్తే టీ తాగలేదు. గ్లాసు పట్టుకుని మా అమ్మాయి వైపే చూస్తున్నారు.

"ఏమిటండీ?"

"సరే అనేశావా?" అన్నారు.

"వినలేదా ఏం?"

"విన్నా." గ్లాసు కింద పెట్టారు. "ఇంకొక్కసారి దాన్ని పిలిచి అడుగుదామా?"

"మీరే కదండీ వారం నుంచీ వెళ్ళనివ్వవే, వెళ్ళనివ్వవే అన్నారు!"

"అన్నానే. నువ్వు ఎలాగూ వద్దంటావన్న ధైర్యంతోనే కదే అన్నాను. ఇన్నేళ్ళూ నేను సరదాగా ఉన్నానంటే దేన్ని చూసుకుని అనుకున్నావ్? భయపడాల్సిందంతా ఇంట్లో ఒకరు చూసుకుంటున్నారని."

ఆయన మొహం అలా నేనెప్పుడూ చూడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. చల్లారిన టీ తీసేసి వేడిది ఇంకొకటి తెచ్చిపెట్టాను. తర్వాత ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకుని, పెద్దమ్మ నన్ను అడిగినట్టే, నెమ్మదిగా అడిగాను.

"చెప్పండి. ఎప్పుడు మొదలైంది? దేనికి భయమేసింది?"

ఆయన చెప్పడం మొదలుపెట్టారు.